కవర్ విప్పితే తళతళా
ట్రేలోకి కారిన ఆయిల్ నిండా ఇనుప రజను. “ఇదబ్బీ నీ జీపు ఏడుపు” అన్నాడు మేస్త్రీ.

ఆర్నెల్లుగా యాక్సిలరేటర్ తొక్కితే కూత, వదిలితే నిశ్శబ్దం, నేనేమో టైర్ల మోతలే అనుకుని పాటలు గట్టిగా పెట్టుకుని తాడిపత్రి దాకా తిరిగొచ్చాను. వెనక డిఫరెన్షియల్‌లో (వెనక చక్రాలకి తిప్పుడు పంచే గేర్ల డబ్బా) పినియన్ అనే చిన్న గేరు బేరింగ్ పోయింది, దాంతో కలిసి తిరిగే పెద్ద గేరు, క్రౌన్ వీల్, పళ్ళు రెండు చిట్లాయి.

పినియన్ బాగానే ఉంది కదన్నా, ఉంచేద్దామా అన్నాను (డబ్బుల టెన్షన్). “జతగా అరిగినవి, ఒకటి మారిస్తే రెండోది ఊరుకోదు.”

కొత్త సెట్టు పళ్ళకి నీలం రంగు పూసి తిప్పుతున్నాడిప్పుడు. ఆ రంగు అచ్చు పంటి మధ్యలో పడేదాకా షిమ్ములు, అంటే సందు సరిచేసే కాగితమంత పలచని రేకులు, వేయడం, తీయడం. ఇది నాలుగోసారి.

పక్కన ఉగ్గాని పొట్లం చల్లారిపోయింది. తినమని చెప్పే ధైర్యం నాకు లేదు.