సిరంజి మీద బాపు పేరు

హన్మకొండలో ఒక ఆసుపత్రి ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నా. ఏబీజీ సిరంజి, అంటే రక్తంలో వాయువులు కొలవడానికి ధమని నుంచి తీసిన రక్తం, రాగానే చేతులు వాటంతట అవే కదులుతాయి. గాలి బుడగ ఉంటే బయటికి నెట్టడం, కవ్వం తిప్పినట్టు అరచేతుల మధ్య దొర్లించడం, మిషన్‌కు అందించడం. కాసేపట్లో స్లిప్పు వస్తుంది. పోయిన సంక్రాంతి ముందు ఓ రాత్రి వచ్చిన సిరంజి మీద మా బాపు పేరుంది.

వస్తున్నారని తెలుసు. పరకాలలో అంబులెన్స్ ఎక్కేటప్పుడే తమ్ముడు ఫోన్ చేశాడు. "బాపు బాగా ఎగపోస్తున్నడు అన్నా. ఆక్సిజన్ ఫుల్లు పెట్టమన్న."

"మంచిపని చేసినవ్" అన్నా. ల్యాబ్‌లో ఉండి అన్న మాట అది!

ముప్పై ఏళ్లు బీడీ తాగిన మనిషి, సీఓపీడీ, అంటే ఊపిరితిత్తుల్లో గాలిదారులు ఇరుకైపోయే జబ్బు. ఇక్కడికి వచ్చేసరికి ఎగపోత తగ్గింది, వేలికి పెట్టిన మీటర్‌లో ఆక్సిజన్ 99 శాతం ఉంది. "నిద్ర పట్టింది" అని అమ్మ కాస్త కుదుటపడింది. అది నిద్ర కాదు. స్లిప్పులో పీహెచ్ 7.26. 7.35కు తగ్గకూడదు, తగ్గితే రక్తంలో పులుపు పెరిగినట్టు. కార్బన్ డయాక్సైడ్ 35 నుంచి 45 మధ్య ఉండాల్సింది 78. బడిలో దాన్ని బొగ్గుపులుసు వాయువు అని చదువుకున్నాం. ఎంత సరైన పేరో ఆ రాత్రి తెలిసింది, రక్తానికి ఆ పులుపే ఎక్కింది.

ఇలాంటి ఊపిరితిత్తులకు ఆక్సిజన్ మోతాదు మించితే, గాలి సరిగా ఆడని భాగాలకు కూడా రక్తం మళ్లుతుంది, ఊపిరి తీసే జోరూ కొంత తగ్గుతుంది. లోపలి వాయువు బయటికి పోదు. అందుకే వీళ్లకు మీటర్‌లో 88 నుంచి 92 చాలంటారు. టాస్మానియాలో అంబులెన్స్ ఎక్కిన 405 మంది మీద చేసిన పరిశోధన 2010లో వచ్చింది. ఫుల్లుగా పెట్టినవాళ్లలో 9 శాతం చనిపోతే, కొలిచి పెట్టినవాళ్లలో 4 శాతం.

డాక్టర్ ఆక్సిజన్ తగ్గించి, మాస్కుతో ఊపిరితిత్తుల్లోకి గాలి నెట్టే బైపాప్ మిషన్ పెట్టమన్నారు. ఐసీయూలో బెడ్ లేదు, వార్డులోనే. బాపు మీసం దగ్గర మాస్కు బుస్సుమంటూ గాలి వదులుతోంది. సిస్టర్ పట్టీ బిగించి, ముక్కు పక్కన వేలితో నొక్కి, బాపు లాగేయబోయినప్పుడల్లా "తాతా, జరంతసేపు" అంటూ గంటసేపు అక్కడే నిలబడింది.

తర్వాత సెలవు రోజున చదివా. బ్రిటన్‌లో 14 ఆసుపత్రుల్లో 236 మందికి ఇలాగే మామూలు వార్డుల్లో, నర్సులే చూసుకుంటూ మాస్కు పెట్టి చూశారు. 2000లో ఫలితాలు వచ్చాయి. మాస్కు పెట్టని గుంపులో 20 శాతం చనిపోతే, పెట్టిన గుంపులో 10 శాతం. గొంతులో గొట్టం వేయాల్సిన పరిస్థితి 27 శాతం నుంచి 15కు దిగింది. అయితే మొదటి వైద్యం తర్వాత కూడా పీహెచ్ 7.30 దాటనివాళ్లకు వార్డులో ఫలితం అంత బాగాలేదనీ అందులోనే ఉంది. ఆ రాత్రి ఇది తెలియకపోవడమే నయమైంది.

గంటకు రెండో సిరంజి వచ్చింది. దొర్లిస్తుంటే అరచేతులు చెమటకు జారాయి. 7.32, కార్బన్ డయాక్సైడ్ 68. ఆ స్లిప్పు ఇంకా పర్సులోనే ఉంది, అంకెలు మాత్రం చెరిగిపోయాయి.

ఇప్పుడు ఇంట్లో ఆక్సిజన్ మిషన్ ఉంది. వారానికోసారైనా తమ్ముడి ఫోన్ వస్తుంది.

"తొంభయ్యే చూపిస్తుందన్నా, జర పెంచాల్నా?"

"ముట్టకురా."