ముసురు పట్టాక పొడి మందు పనిచేయలేదు: ఎడమ బెజ్జంలో ఎర్రనల్లి

మా కోళ్ల గూట్లోకి ఎర్రనల్లి, కోళ్ల రక్తం తాగే సన్నటి నల్లి, మళ్లీ వచ్చింది. ఈసారీ అదే బెజ్జం, కోళ్లు కూర్చునే కర్ర గోడలోకి దిగే చోట, ఎడమవైపుదే. ఒళ్లు మండిపోతోంది.

సాయంత్రం పెట్టలు గూట్లోకి పోకుండా జామచెట్టు కింద గుమిగూడి గొణుగుతుంటేనే అనుమానం వచ్చింది. రాత్రి పదకొండు దాటాక టార్చి పట్టుకెళ్లి, అవి కూర్చునే కర్ర అడుగున తెల్ల టిష్యూతో తుడిచాను. ఎర్రటి చార పడింది. పగలు రెక్కల కింద, ముడ్డి దగ్గర ఈకలు విప్పి చూస్తే ఏమీ లేదు. ఒంటి మీదే కాపురముండే ఆర్నితోనిసస్ జాతి అయితే పగలు కూడా ఈకల మొదళ్లలో కనిపించేది. ఇది గూట్లో కాపురముండి రాత్రి మాత్రమే కోడి మీదికెక్కే డెర్మనిసస్ గాలినే. తాగినంత తాగి తెల్లారేలోపు పగుళ్లలోకి జారుకుంటుంది.

ముందు బాగుపడినవి చెప్పేస్తాను. గుడ్ల పెట్టెలో గడ్డి తీసేసి ప్లాస్టిక్ ట్రే పెట్టాక అక్కడ నల్లి లేదు. తలుపు సందులకు లప్పం పట్టించి పెయింటు వేశాక అక్కడా లేదు. పాలిపోయిన తురాయిలు మళ్లీ ఎర్రబడ్డాయి. మిగిలింది ఆ ఒక్క బెజ్జమే.

దాని కొలతలు ఇవి. గూడు టేకు చెక్కది. కూర్చునే కర్ర వెదురు, 38 మిల్లీమీటర్ల లావు. గోడ చెక్కలో బెజ్జం 42 మిల్లీమీటర్లు, లోతు 60. అంటే చుట్టూ రెండేసి మిల్లీమీటర్ల ఖాళీ. పెద్ద నల్లి నిడివి ఒక మిల్లీమీటరు లోపే కాబట్టి ఆ సందు దానికి విశాలమైన ఇల్లు. పైగా వెదురు చివర కోసిన చోట బోలుగా ఉంది. ఒంటికి రెండు వైపులా ఏదో ఒకటి తగులుతుంటే తప్ప ఈ నల్లికి నిలకడ ఉండదు. ఒకటి చేరిందంటే దాని వాసనకు మిగతావి వచ్చి కుప్పపడతాయి. కర్ర లాగి చూస్తే బెజ్జం అంచున ఉప్పూ కారం కలిపి చల్లినట్టు కనిపించింది: నల్లి రెట్టలు, విడిచిన తెల్లటి పొట్టులు, మధ్యలో కదులుతున్న ఎర్ర చుక్కలు.

మొదట డీఈ పొడి, అంటే డయాటమేషియస్ ఎర్త్. వేసవిలో ఇదే పొడి, ఇదే సంచి, ఇదే గూడు, అద్భుతంగా పనిచేసింది. ఇది విషం కాదు. నల్లి ఒంటి మీది మైనపు పొరను పీల్చేస్తుంది, లోపలి నీరు ఆవిరైపోయి చస్తుంది. నీరు ఆవిరవ్వాలంటే గాలి పొడిగా ఉండాలి. కోనసీమలో ముసురు పట్టాక అదెక్కడిది? గూట్లో పెట్టిన చిన్న మీటరు మధ్యాహ్నం మూడింటికి 74 శాతం తేమ చూపిస్తోంది, రాత్రి పదింటికి 88. బెజ్జంలోంచి పుల్లతో పొడి తీస్తే సగ్గుబియ్యంలా ఉండలు కట్టి వచ్చింది.

నమ్మకం కుదరక రెండు గాజు సీసాలతో పరీక్ష పెట్టాను. ఒకదానిలో సంచిలోంచి తీసి పెనం మీద వేడిచేసిన పొడి, సిలికా జెల్ పొట్లం, గట్టి మూత. రెండోదానిలో బెజ్జంలోంచి తీసిన పొడి, మూతికి పల్చటి గుడ్డ. రెంటిలోనూ ఒకే కుప్పలోంచి తీసిన నల్లులు. తెల్లారి మొదటి సీసాలో అన్నీ ముడుచుకుపోయి ఉన్నాయి. రెండోదానిలో ఒళ్లంతా తెల్లగా పొడి పూసుకుని గోడ ఎక్కుతున్నాయి. వర్షాకాలం కోస్తాలో డీఈ చల్లమని సలహా ఇచ్చేవాళ్లు ఒక్కసారి ఈ పరీక్ష చేసి చూడాలి. బ్రాండు మారిస్తే తీరే ఇబ్బంది కాదిది.

ఊక బూడిద కూడా వాడాను. తెల్లగా కాలిన ఊక బూడిదలో 80 శాతానికి పైగా సిలికానే. మా వైపు రైసు మిల్లుల దగ్గర ఊరికే దొరుకుతుంది. నల్లగా ఉన్నది పనికిరాదు, అందులో బొగ్గు ఎక్కువ. సీసాలో డీఈకి దీటుగా చంపింది. గూట్లో మాత్రం రెండు వాన రాత్రులకే మెత్తబడి అదీ అంతే అయింది. కోళ్లు పొర్లాడే మట్టి గుంటలో మాత్రం కలుపుతూనే ఉన్నాను, అక్కడ వాటికి ఇష్టం.

తర్వాత వేడి. పాత నులక మంచాల్లో నల్లులు పడితే అమ్మావాళ్లు మంచం కాళ్ల బెజ్జాల్లో మరిగే నీళ్లు పోసి, ఎండలో పడేసేవాళ్లు. ఆ నల్లి వేరే జాతి, ఆరు కాళ్ల పురుగు, అర సెంటీమీటరు ఉండి కంటికి బాగా కనబడుతుంది. ఇది ఎనిమిది కాళ్లది. కానీ వేడి దగ్గర రెంటికీ దాదాపు ఒకటే లెక్క: 45 డిగ్రీలు దాటితే ప్రాణం మీదికొస్తుంది, 50 దాటితే నిమిషాల్లో చస్తాయి, గుడ్లు ఇంకాస్త మొండివి. అందుకని వంటింటి థర్మామీటరు సూదిని బెజ్జం అడుగుదాకా దూర్చి, కర్ర బిగించే ఉంచి, మరుగుతున్న నీళ్లు పోశాను. నోటి దగ్గర 90 దాటింది. 60 మిల్లీమీటర్ల లోతున మాత్రం 46కి చేరి, కొన్ని సెకన్లలోనే 40కి దిగిపోయింది. బ్లో టార్చితో ఇంకా కష్టం. పైన చెక్క నల్లబడి పొగ వస్తోంది, సూది దగ్గర 41. టేకు చెక్క అంత తొందరగా వేడిని లోపలికి పోనివ్వదు. కర్ర ఊడదీసి పోస్తే అడుగుదాకా చేరుతుంది, కాకపోతే కుప్ప చెదిరి సగం నల్లులు గోడ మీదికి పారిపోతాయి.

నీళ్లు పోశాక అట్టముక్క ఉచ్చు పెట్టాను, గరుకు అట్టను చుట్టి కర్ర కింద కట్టేది. మొదట్లో అట్ట మడతల్లో ఒకటీ అరా. వారం తిరిగేసరికి మడతలన్నీ నిండాయి. ఆ వారం అన్నదే నాకు ఆధారం. ఆడది ఒకసారి రక్తం తాగాక నాలుగు నుంచి ఎనిమిది గుడ్లు పెడుతుంది, రెండు మూడు రోజుల్లో పిల్లలొస్తాయి, మన వేడికి గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం చాలు. లోతున ఉన్న గుడ్లు వేడి తప్పించుకున్నాయని నా లెక్క. ఇంకో అనుమానం కూడా ఉంది. ఎడమ బెజ్జానికి సరిగ్గా పైన రేకు కింద గోరింకలు గూడు కట్టాయి. అడవి పక్షుల మీద కూడా ఇది బతుకుతుంది. పిల్లలు ఎగిరిపోగానే ఆ గూట్లో ఆకలితో మిగిలినవి కిందికి దిగుతాయి. హైదరాబాదు అపార్టుమెంట్లలో ఏసీ వెనక పావురాల గూడు ఖాళీ అయ్యాక ఇంట్లోవాళ్లకు దద్దుర్లు రావడానికి కొన్నిసార్లు ఇలాంటి నల్లే కారణం. వాళ్లు పాపం మంచం కింద నల్లుల కోసం వెతుకుతుంటారు.

మందుల సంగతి అడుగుతున్నారు. బ్యూటాక్స్ (డెల్టామెత్రిన్, పైరిథ్రాయిడ్ కుటుంబం మందు) పశువుల పిడుదులకు మంచిదే. గుడ్లు తినే ఇంట్లో, కోళ్లు రాత్రంతా పడుకునే గూట్లో నేను కొట్టను. పైగా ఆ కుటుంబం మందులకు ఎర్రనల్లి లొంగడం మానేసిందని యూరప్‌లో చాలాచోట్ల తేలింది. ఫిప్రోనిల్ అనే పురుగుమందు ఊసే వద్దు. 2017లో నెదర్లాండ్స్, బెల్జియంలలో ఈ నల్లి కోసమే కోళ్ల షెడ్లలో కొట్టిన మందులో అది కలిసి, లక్షల కొద్దీ గుడ్లు అంగళ్లలోంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. ఐవర్‌మెక్టిన్ సురక్షితమైన మోతాదులో దీని మీద పెద్దగా పనిచేయదు. ఫ్లూరలానర్ అసలైన మందు. 2017లోనే యూరప్‌లో కోళ్లకు అనుమతి వచ్చింది: కిలో బరువుకు అర మిల్లీగ్రాము, తాగే నీళ్లలో, ఏడు రోజుల తేడాతో రెండుసార్లు. అలాగని అదే మందుండే కుక్కల మాత్ర విరిచి కోడికి పెట్టమనే సలహా మాత్రం వినకండి. పశువైద్యుడు చెప్పకుండా ఆ పని చేయడం కోడికీ మంచిది కాదు, గుడ్డు తినేవాళ్లకూ మంచిది కాదు. వేపనూనె సబ్బునీళ్లలో కలిపి కుప్ప మీద నేరుగా కొడితే చస్తాయి, తగలనివి బతుకుతాయి. కర్ర ఊడదీసినప్పుడల్లా అదొక్కటే వాడుతున్నాను.

ఇన్ని చూశాక నాకు గట్టిగా అనిపిస్తున్నది ఒకటే. మార్చాల్సింది మందు కాదు, వడ్రంగం. ఆ బెజ్జమే ఉండకూడదు.

వెదురు తీసేస్తున్నాను. రెండంగుళాల రీపరు, చిత్రిక పట్టి, అంచులు గుండ్రం చేసి, ఎక్కడా పగులు లేనిది ఒకే ముక్క. అది గోడకు ఆనదు. ఇనుప కాళ్ల మీద విడిగా నిలబడుతుంది, చుట్టూ నాలుగంగుళాల ఖాళీ. ఒక్కో కాలు నూనె పోసిన డబ్బాలో. రెట్టలు పడి నూనె పాడవకుండా డబ్బా మీద బోర్లించిన గిన్నెకు కాలు పట్టేంత బెజ్జం చేసి తొడుగుతాను. పాత బెజ్జాలు లోపలిదాకా లప్పంతో పూడ్చేయాలి. ఆకలితో ఈ నల్లి నెలల తరబడి ఉండగలదు కాబట్టి కోళ్లను కొన్నాళ్లు బయట ఉంచితే చాలనుకోవడానికి లేదు. గోరింకల గూడు ఖాళీ అవ్వగానే తీసి తగలబెట్టి, రేకు కింద వల కొడతాను.

డీఈ సంచి పారేయలేదు. గాలి పొడిబారాక, మీటరు రాత్రిపూట 65 లోపు చూపిస్తే మళ్లీ వాడతాను. అంతకుముందే పొదుగు పెట్టె సిద్ధం కావాలి. గుడ్ల మీద కూర్చున్న పెట్ట రాత్రింబవళ్లు కదలదు, నల్లి పడితే రక్తం తగ్గి నీరసించి, ఆఖరికి గుడ్లు వదిలేసి లేచిపోతుంది. నా కాకి రంగు పెట్ట పొదుగుకు కూర్చునే లక్షణాలు చూపిస్తోంది, సంక్రాంతికి పిల్లలు కావాలని ఆశ. చెక్క పెట్టె మాని వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు, అడుగున పొడి ఇసుక అనుకుంటున్నాను.

విడి స్టాండు మీద కర్ర పెట్టుకున్నవాళ్లుంటే కాళ్ల మధ్య దూరం ఎంత ఇచ్చారో చెప్పండి. నా పెట్టలు ఒక్కోటి మూడు కిలోల దాకా తూగుతాయి, అన్నీ ఒకే చివర కూర్చుంటాయి.