పదికి మూడు తెచ్చిన పంచాయతీరాజ్

గ్రూప్-1 మెయిన్స్ కోసం విశాఖ ద్వారకానగర్‌లో రూమ్ తీసుకుని టెస్టులు రాసే రోజుల్లో ఒక ప్రశ్న నన్ను గట్టిగా దెబ్బకొట్టింది. 'గ్రామీణ ఆర్థికాభివృద్ధిలో స్థానిక సంస్థల పాత్ర'. చూడగానే సంబరపడ్డాను. పంచాయతీల మీద వేసిన 1957 బల్వంతరాయ్ మెహతా కమిటీ, 1977 అశోక్ మెహతా కమిటీ, వాటికి రాజ్యాంగ హోదా ఇచ్చిన 73వ సవరణ, అది అమల్లోకి వచ్చిన 1993 ఏప్రిల్ 24... అన్నీ కంఠతా వచ్చినవే. చకచకా రెండు పేజీలు నింపేశాను. పదికి మూడు! కింద ఎర్ర సిరాతో "ఇది పాలిటీ. ఎకానమీ ఏదీ?" అని రాసి ఉంది.

రెండు రోజులు ఉక్రోషం తగ్గలేదు. తర్వాత రాజ్యాంగంలోని 243జి అధికరణం మళ్లీ తీశాను. పంచాయతీలు ప్రణాళికలు వేయాల్సింది ఆర్థికాభివృద్ధికి, సామాజిక న్యాయానికి అని అందులోనే ఉంది. పంచాయతీలకు అప్పగించదగ్గ పనుల జాబితా అయిన 11వ షెడ్యూల్లో 29 అంశాలని అంకె గుర్తుపెట్టుకున్నానే గానీ వ్యవసాయం, చిన్న నీటిపారుదల, పాడి, చేపలు, సంతలు అని విడదీసి చూడలేదు. ఇంకో మెలిక కూడా ఉంది. ఆ అధికారాలను రాష్ట్ర శాసనసభ 'ఇవ్వవచ్చు' అంటుందే తప్ప 'ఇచ్చి తీరాలి' అనదు. విమర్శ పేరా మొత్తం ఆ ఒక్క మాట మీద రాయొచ్చు. నిధుల సంగతికి 15వ ఆర్థిక సంఘం చాలు: 2021-26 పంచాయతీ గ్రాంట్లలో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కట్టేసి, 40 శాతమే స్థానిక అవసరాలకు వదిలింది.

సంక్రాంతికి చోడవరం దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు ఇంట్లోనే లెక్క వేశాను. నాన్న చెరకు పంటకు అప్పు ఊరి సహకార సొసైటీది. సొసైటీకి జిల్లా కేంద్ర సహకార బ్యాంకు, దానికి రాష్ట్ర సహకార బ్యాంకు ఆప్కాబ్ వెనక ఉంటాయి. గేదె కొన్నది అమ్మ డ్వాక్రా లోన్‌తో. చెరువు గట్టు ఉపాధి హామీలో పడింది. అనకాపల్లి మార్కెట్‌కు బెల్లం వెళ్లాలంటే ముందు ఊళ్లో రోడ్డు బాగుండాలి. ఇవన్నీ రాయాలనిపిస్తుంది, కానీ ఆగండి. ప్రశ్నలో స్థానిక సంస్థలంటే ముందు పంచాయతీలే. సొసైటీలకు, డ్వాక్రా సంఘాలకు ఒక పేరా మించి ఇవ్వకండి.

విశాఖలో చదివేవాళ్లకు చేతికందే ఉదాహరణ జీసీసీ, అంటే గిరిజన సహకార సంస్థ. 1956లో పెట్టారు, ప్రధాన కార్యాలయం ఇక్కడే. మన్యంలో గిరిజనుల దగ్గర చింతపండు, తేనె కొంటుంది, డీఆర్ డిపోలనే తన దుకాణాల్లో ఇంటి సరుకులు అమ్ముతుంది. అయితే అది ప్రభుత్వ సంస్థ, స్థానిక సంస్థ కాదు. నేనూ మొదట్లో తప్పే రాశాను. దాన్ని గిరిజనులుండే షెడ్యూల్డ్ ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన 1996 పీసా చట్టంతో కలిపి రాస్తేనే అతుకుతుంది, ఎందుకంటే ఆ ప్రాంతాల్లో చింతపండు, తేనె లాంటి చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభకు, పంచాయతీకి దక్కాలని చెప్పింది ఆ చట్టమే.

నెల తర్వాత అదే ప్రశ్న మళ్లీ రాశాను. కమిటీలన్నీ కలిపి రెండు లైన్లు. పదికి ఆరున్నర వచ్చాయి. ఎర్ర సిరా మాత్రం ఈసారీ ఉంది, "చేతిరాత" అని.