దుంప మీద దుంప

మా తోటలోని క్రోకోస్మియా అనే దుంపజాతి పూలమొక్క పోయిన వేసవిలో సరిగ్గా పూయలేదు. ఆకులు మాత్రం కత్తుల్లా గుబురుగా లేచాయి. దుంపలు ఒత్తుకుపోతే అంతే. మూడు నాలుగేళ్లకోసారి తవ్వి విడదీయాలి. ఈ వసంతంలో చిగుళ్లు తలెత్తుతుండగా మా తొమ్మిదేళ్ల అమ్మాయిని సాయం పిలిచాను.

మట్టి దులిపితే ఒకదాని మీద ఒకటి, పూసలు గుచ్చినట్టు ఐదు దుంపలు. ఏటా పాత దుంప నెత్తిన కొత్తది పుడుతుంది. పాతది వెంటనే కుళ్లిపోదు, గోధుమరంగు పీచు కప్పుకుని కిందే ఉంటుంది. విడదీసి నాటితే అదీ మొలకెత్తగలదు.

"అమ్మా, దీన్ని తెలుగులో ఏమంటారు?"
"దుంప."
"ఇది?"
"పీచు."
"మరి ఇది?"
"చిగురు."

ఇంట్లో "తెలుగులో చెప్పు" అన్నానంటే చాలు, ముడుచుకుపోయే పిల్ల. ఆ టెన్షన్‌తో ఎన్ని సాయంత్రాలు పాడుచేసుకున్నామో! ఇక్కడ వస్తువు చేతిలో ఉంది, పేరు కావాల్సి వచ్చింది, తనే అడిగింది. ఇన్నాళ్లూ నేను మాటను ముందు పెట్టి, వస్తువును వదిలేశాను.

ఇది ఎక్కడి మొక్క అనీ అడిగింది. మాది లూసిఫర్ అనే ఎర్రపూల రకం. తల్లి మొక్కలు దక్షిణాఫ్రికా వైపువి, ఇది మాత్రం 1960లలో ఇంగ్లండ్‌లో పుట్టిన సంకరం అని చెప్పాను.

"అయితే దీన్ని కూడా అడుగుతారా, ఎక్కణ్ణుంచి వచ్చావని?"

ఆ ప్రశ్న తనకెక్కడ ఎదురైందో నాకు తెలుసు. దగ్గరికి తీసుకున్నాను. మాటలేవీ రాలేదు.

ఎండ బాగా తగిలే, నీరు నిలవని చోట 10 సెంటీమీటర్ల లోతున, జానెడు ఎడంతో నాటాం. మిగిలినవి ఎక్కడపడితే అక్కడ పారేయొద్దన్నాను. దీని బంధువు, నారింజరంగు మాంట్‌బ్రెషియా, తోటలు దాటి పాకిపోయింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో దాన్ని బయట ప్రకృతిలో నాటడం నేరం కూడా.

ఎండిన పూలను గోరువెచ్చని నీళ్లలో వేస్తే కుంకుమపువ్వు వాసన వస్తుందట, గ్రీకులో క్రోకోస్మియా అనే పేరుకు అర్థమే అది. వేసవిలో మా పూలతో చూద్దామంది.

చివరికి ఒక పుల్ల తెచ్చి, పేరు తెలుగులోనే రాస్తానంది. "క్రో" రాసింది, "కో" రాసింది, "స" దగ్గర ఆగింది. మ వత్తు ఎలా వేయాలి? మట్టి వేలితో నేల మీద రాసి చూపించాను.