ఎర్ర సిరాతో చుట్టిన ‘ఎందుకు’

తిరుపతిలో మహిళా యూనివర్సిటీ పెట్టి ముప్పై ఏళ్లయిన ఏడాది, 2013లో పీజీలో చేరాను. పిల్లల కౌన్సెలింగ్ అంటే నాలుగు మంచి మాటలు చెప్పి పంపడమే అనుకున్నా. మా ఊళ్లో ఇప్పటికీ అదే అనుకుంటారు లెండి.

మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ సిద్ధాంతాలు పరీక్షల్లో రాసి మరిచిపోయాం. మరపురానిది ప్రాక్టికల్ రికార్డు. పేజీని నిలువునా మడిచి ఎడమవైపు పిల్లవాడన్నది, కుడివైపు మేమన్నది ఒక్క మాటా మార్చకుండా రాయాలి. వాడు మాట్లాడకపోతే ‘మౌనం’ అని రాయాలి.

ఒంటరిగా దొరికిన పిల్లల్ని, ప్రయాణ సమయం పోను 24 గంటల్లో బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. అలా పిల్లల హోంకు వచ్చిన ఓ పదేళ్ల అబ్బోణ్ణి నాకప్పగించారు. కొండ మీద తీయించుకున్న గుండు, చెవుల వెనక ఎండిన గంధం.

“ఇల్లొదిలి ఎందుకొచ్చావ్?” మౌనం. “ఎందుకు మాట్లాడవు?” మౌనం. “అన్నం ఎందుకు తినలేదు?” వాడు గోడకేసి తిరిగాడు.

మేడం మూడు ‘ఎందుకు’లకూ ఎర్ర సిరాతో సున్నా చుట్టారు. “ఏమ్మా, ‘ఎందుకింత ఆలస్యం’ అని మీ నాయన అంటే అది ప్రశ్నా, తిట్టా?”

మరుసటి వారం ఏమీ అడగలేదు. సుద్దముక్కతో నేల మీద పులిజూదం గీశాను. మేకలు వాడివి. సగం ఆటయ్యాక, “ఒకటి చెప్తా, ఎవురికీ చెప్పొద్దక్కా” అన్నాడు. “ఒట్టు, చెప్పను” అన్నాను. వాడింకా నోరు తెరవక ముందే హోం గంట కొట్టారు. అయినా పొంగిపోయి అంతా రికార్డులో రాసుకున్నా.

మేడం ఈసారి సున్నా చుట్టలేదు, పుస్తకం మూసేశారు. పోక్సో చట్టం 2012 నవంబరు 14న అమల్లోకి వచ్చింది. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయకపోతే నేరం. “వాడు అలాంటిదే చెప్తే ఏం చేస్తావ్? ఒట్టు గట్టున పెడతావా? పెద్దోళ్లు అబద్ధాలాడతారని వాడికి మళ్లీ నువ్వే నేర్పిస్తావా?”

వెళ్లి వాడితోనే చెప్పాల్సి వచ్చింది. అంత కష్టమైన మాట నేనెప్పుడూ మాట్లాడలేదు. “తప్పుగా ఒట్టేశానబ్బా. నీకెవరైనా హాని చేస్తుంటే నేను చెప్పక తప్పదు. చెప్పే ముందు నీకే చెప్తా.”

వాడు చాలాసేపు మేకను చేతిలో తిప్పాడు. “సరేలే” అన్నాడు. తర్వాత చెప్పింది ఇక్కడ రాయను. చెబుతూ చెబుతూనే నా పులినీ కట్టేశాడు.