నాలుగోసారి వేసినా ఉప్పు పూసిన సుర్మయి పట్టీ

ఆదివారం పొద్దున్నే, నేను బొమ్మలు వేస్తున్న గురుద్వారా గోడ దగ్గరికి వెళ్తే మళ్ళీ అదే. పది రోజుల కిందట వేసిన సుర్మయి, అంటే ముదురు నీలం, పట్టీ మీద పిండి చల్లినట్టు తెల్లటి ఉప్పు. ఆ పట్టీ పాడవడం ఇది నాలుగోసారి. నిజంగా ఏడుపొచ్చింది.

42 అడుగుల గోడలో మిగతాదంతా బాగా కుదిరింది. లాహోర్ నుంచి మహారాజా రంజిత్ సింగ్ పంపిన ఫౌజు 1832లో హైదరాబాద్ చేరిన దృశ్యం అయిపోయింది. లంగర్ (గురుద్వారాలో అందరికీ పెట్టే ఉచిత భోజనం) పంక్తి కూడా అయిపోయింది, వడ్డించే చేతులన్నీ పిల్లలే వేశారు. గురువుల ముఖాలు వద్దని సంగత్ (గురుద్వారా భక్తులు) ముందే చెప్పింది కాబట్టి ఆ జోలికి పోలేదు. నిశాన్ సాహిబ్‌కి, అంటే సిక్కుల జెండాకి, బసంతి పసుపు మూడు కోట్లు పట్టింది. స్టెయినర్ (పెయింట్‌లో కలిపే చిక్కటి రంగు) సీసాలతో పసుపు కలుపుకోవడం నాకు నచ్చదు, కలిపిన ప్రతిసారీ ఒక్కో ఛాయ వస్తుంది. షాపులో మెషిన్ మీద కలిపించిన ఏపెక్స్ పెయింట్ డబ్బానే నయం.

పేచీ అంతా అడుగున ఉన్న సుర్మయి పట్టీతోనే. ఉప్పు తేలిన జాగా 11 అడుగుల పొడవు, నేల నుంచి 28 అంగుళాల ఎత్తు. పైఅంచు తాడు పట్టి గీసినట్టు తిన్నగా ఉంది.

మొదటిసారి వైర్ బ్రష్‌తో గీకి, ప్రైమర్ వేసి, రెండు కోట్లు కొట్టాను. తొమ్మిది రోజులు ఆగింది. రెండోసారి ముందు నీళ్ళతో కడిగాను, ఐదు రోజులకే తేలింది. కడిగితే ఉప్పు కరిగి మళ్ళీ గోడలోకే ఇంకిందని నా అనుమానం. మూడోసారి వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేశాను. ఉప్పు రాలేదు గానీ, పన్నెండో రోజుకి రూపాయి బిళ్ళంత బొబ్బలు లేచాయి. బారెడు జాగాలో 23 లెక్కపెట్టాను. ఒకదాన్ని సూదితో పొడిస్తే నీళ్ళు కారాయి, కింద ప్లాస్టర్ గోరు తగిలితేనే పొడిలా రాలింది. నాలుగోసారి ప్లాస్టర్ దాకా గీకి, మూడు వారాలు ఆరబెట్టి వేశాను. ఫలితం పైన చెప్పిందే.

ఆ తెల్లపొడి మీద వెనిగర్ చుక్క వేస్తే పొంగలేదు, అంటే సున్నం కాదు. రాత్రంతా ప్లాస్టిక్ షీట్ టేపుతో అంటించి చూశాను. అడుగు ఎత్తులో లోపల నీటి చుక్కలు, నాలుగడుగుల ఎత్తులో పొడి. తడి కిందినుంచే వస్తోంది. బోరు నీళ్ళతో కలిపిన ప్లాస్టర్ వల్లేమో అనుకుంటూ నిలబడితే, లంగర్ సేవ చేసే బీబీజీ వచ్చి, "గోడ అవతల మేం రోజూ గిన్నెలు తోమే నీళ్ళు అక్కడికే పోతయి కదా బిడ్డా, చూడలేదా?" అన్నారు.

దాదాపు రెండు నెలలుగా ఇవతలి వైపు నుంచే చూస్తున్నాను!

ఆ రోజే నీళ్ళని పైపు వేసి ఇంకో మూలకి మళ్ళించారు. ఉప్పు పైఅంచున పెన్సిల్ గీత పెట్టాను. అంతకుముందు ఎనిమిది రోజుల్లో అర అంగుళం పాకింది, మళ్ళించాక ఎనిమిది రోజులకీ గీత దాటలేదు.

అయినా గోడలో ఉన్న ఉప్పు ఒక్కసారిగా పోదు. అందుకే అక్కడ ముదురు రంగు మానేసి, సున్నంలో నీలిమందు కలిపి పలచటి నీలం వేద్దామంటున్నాను. సున్నం గోడలోని తడిని ఆపదు, కాస్త ఉప్పు తేలినా కనబడదు. ఆ పట్టీని సిక్కుల పుణ్యక్షేత్రం నాందేడ్ దగ్గరి గోదావరిగా మార్చేస్తే బొమ్మకీ సరిపోతుంది. గురుద్వారాలో గ్రంథం చదివే గ్యానీజీకి నచ్చింది. ముందు రెండడుగుల ముక్క మీద వేసి చూస్తాను. కార్తీక పౌర్ణమికి, అంటే గురునానక్ జయంతికి, ఇంకా ఏడు వారాలుంది.