బుర్కినా ఫాసో బీటీ పత్తిని ఎందుకు వద్దనుకుంది?

నల్లగొండ చెల్కల్లో పత్తి పెట్టే రైతుతో బీటీ (పురుగును ఆపే జన్యువు ఎక్కించిన పత్తి) మానేయమంటే నవ్వుతాడు. పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో ఆ పని చేసింది. 2008లో రైతులకు బోల్‌గార్డ్-2 అనే బీటీ విత్తనం ఇచ్చింది, 2016 నాటికి పక్కన పెట్టింది. పురుగు ఆగలేదని కాదు. మందు కొట్టుడు ఆరుసార్ల నుంచి రెండుసార్లకు తగ్గింది, రైతులు సంతోషంగానే ఉన్నారు. తేడా జిన్నింగ్ మిల్లులో బయటపడింది: పింజ (దూది పోగు) పొట్టిదైంది, క్వింటాలుకు దూదీ తగ్గింది. బీటీ జన్యువు ఎక్కించాక స్థానిక రకాలతో మళ్లీ మళ్లీ సంకరం చేయాలి. తగినన్ని తరాలు చేయకుండానే విత్తనం వదిలారన్నది పరిశోధకులు చెప్పే కారణం.

మరి రైతులకు నచ్చింది ఎట్లా పోయింది? అక్కడి కొనుగోలు పద్ధతి చూస్తే తెలుస్తుంది. మన దగ్గర విత్తనం దుకాణంలో, అప్పు ఇంకొకరి దగ్గర, అమ్మకం సీసీఐకో (సర్కారు పత్తి సంస్థ) దళారికో. అక్కడ ఇవన్నీ ఒక్క చేతిలోనే. 2004లో పత్తి ప్రాంతాన్ని మూడు ముక్కలు చేశారు: తూర్పు సొకోమా కంపెనీకి, మధ్య భాగం ఫాసో కోటన్ కంపెనీకి. పత్తి దండిగా పండే పడమర పాత కంపెనీ సోఫీటెక్స్‌కే మిగిలింది. ఒక జోన్‌లో కొనేది ఒక్కరే. విత్తనం, ఎరువు, మందు వాళ్లే ఉద్దెరకిచ్చి, పత్తి పైసల్లో పట్టుకుంటారు. బాకీ ఊరి సంఘం పేరు మీద ఉంటుంది, ఒకరి చేను ఎండితే తోటివాళ్ల పైసల్లోంచి కోత పడుతుంది. సంఘాల్లో తగాదాలకు మూలం ఇదే. రైతు రేటు సీజన్‌కు ముందే ఖాయం చేస్తారు కాబట్టి, పింజ పొట్టిదని బయటి మార్కెట్ రేటు కోస్తే మొదటి దెబ్బ కంపెనీలకే. అందుకే వద్దన్నదీ వాళ్లే. రైతు మాట చెల్లే చోటు అక్కడ లేదు, నన్నడిగితే పింజ కంటే పెద్ద లోపం ఇదే.

పైన కరెన్సీ గొడవ ఒకటి. అక్కడి కరెన్సీ సీఎఫ్ఏ ఫ్రాంక్ యూరోకు 655.957 చొప్పున కట్టేసి ఉంది. దూది అమ్మేదేమో డాలర్లలో. యూరో బలపడితే, ప్రపంచ ధర తగ్గకున్నా చేతికొచ్చే ఫ్రాంకులు తగ్గుతాయి. 1994 జనవరిలో ఫ్రాంక్ విలువను సగానికి కోసినప్పుడు దిగుమతి ఎరువు మండిపోయింది, పత్తి సాగు మాత్రం పెరిగింది. సముద్రం లేని దేశం గనుక బేళ్లు ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ లాంటి పరాయి రేవులకు పోవాలి, ఆ కిరాయి అదనం. అమెరికా తన పత్తి రైతులకిచ్చే సబ్సిడీల మీద 2003లో బుర్కినా ఫాసో బెనిన్, మాలి, చాడ్‌తో కలిసి డబ్ల్యూటీఓలో (ప్రపంచ వాణిజ్య సంస్థ) కొట్లాడింది.

రాజకీయం మరీ అస్థిరం. 1983లో గద్దెనెక్కిన థామస్ సంకరాను 1987లో చంపారు, ఆ తర్వాత కొంపావొరే 27 ఏళ్లు ఏలాడు. 2022 ఒక్క ఏడాదిలోనే రెండు సైనిక తిరుగుబాట్లు. ఎగుమతుల్లో పత్తిని బంగారం 2009లోనే దాటేసింది. సాయుధ మూకల దాడులతో 2023 నాటికి 20 లక్షల మందికి పైగా ఊళ్లు వదిలారు. పత్తి పండే తూర్పు ప్రాంతమూ అందులో ఉంది.